పొద్దున్నే అల్మారా తెరిస్తే గ్యాస్ వాసన: ఒకే వంటింట్లో రెండు లీకులు

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. వంటిల్లు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. 14.2 కేజీల బండ వంటింట్లో లేదు, వెనక వాష్ ఏరియాలో ఉంది. రెగ్యులేటర్ నుంచి పొట్టి రబ్బరు ట్యూబు, గోడలోంచి నాలుగున్నర మీటర్ల రాగి పైపు, అది వంటగట్టు కింద చెక్క అల్మారాల వెనకగా వచ్చి, చివర మళ్లీ రబ్బరు ట్యూబుతో రెండు బర్నర్ల స్టవ్‌కు కలుస్తుంది. మాడ్యులర్ కిచెన్ చేయించుకున్న ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా ఇదే అమరిక.

ఫిర్యాదు ఒక్కటే. పొద్దున్నే గట్టు కింద అల్మారా తలుపు తీయగానే గ్యాస్ వాసన, పది నిమిషాలకు పోతుంది. పగలు ఉండదు. వాసన పసిగట్టింది కోడలు. రోజంతా ఆ వంటింట్లోనే ఉండే అత్తగారికి ఏమీ తెలియలేదు. ఇది ఎక్కువ మంది ఇళ్లలో కనపడేదే. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడి చెప్పడం మానేస్తుంది, వయసు మీద పడ్డకొద్దీ వాసన పట్టే శక్తీ తగ్గుతుంది. అందుకే ‘నాకేం వాసన రావట్లేదే’ అని ఇంట్లో పెద్దవాళ్లు అన్నంత మాత్రాన లీకు లేదనుకోకూడదు. బయటి నుంచి అప్పుడే వచ్చిన మనిషి ముక్కునే నమ్మాలి.

అప్పటికే మూడు పనులు జరిగిపోయాయి. బండ మార్చారు. రెగ్యులేటర్ మార్చారు. స్టవ్ దగ్గరి ట్యూబు మార్చారు. ప్రతిసారీ బండ తల మీద, ట్యూబు రెండు చివర్లా సబ్బునీళ్లు పూసి చూశారు, బుడగ రాలేదు. అయినా వాసన ఆగలేదు. గోడకు పెట్టించిన గ్యాస్ అలారం ఒక్కసారి కూడా మోగకపోవడంతో అది సింక్ గొట్టం కంపేమోనన్న అనుమానం కూడా వచ్చింది. ఆ దశలో లీకు వెతకడానికి మమ్మల్ని పిలిచారు.

ఖర్చు లేని మొదటి పరీక్ష

పనిముట్లు తీయకముందే ఒక పని చెప్పాం: రెండు రాత్రులు పడుకునే ముందు రెగ్యులేటర్ ఆఫ్ చేసి, పొద్దున వాసన చూడమని. బండ వాష్ ఏరియాలో ఉంది కాబట్టి ఆ ఇంట్లో రెగ్యులేటర్ కట్టే అలవాటే లేదు, స్టవ్ నాబ్‌లు మాత్రమే కట్టేవారు. రెండు పొద్దులూ వాసన లేదు. మూడో రాత్రి ఆన్‌లోనే ఉంచితే మళ్లీ వచ్చింది.

ఈ మూడు రాత్రులతో చాలా తేలిపోయింది. అది డ్రైనేజీ కంపు కాదు, గ్యాసే. బండ వాల్వ్ లోపలి పిన్ను కారడం కాదు, ఎందుకంటే ఆ లీకుకు రెగ్యులేటర్ ఆన్, ఆఫ్‌లతో పని లేదు, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఇక మిగిలినవి: రెగ్యులేటర్ వాల్వ్‌లో కూర్చునే చోటి ఓ-రింగ్, రెగ్యులేటర్, ట్యూబులు, రాగి పైపు అతుకులు, స్టవ్.

ఓ-రింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాబ్ ఆన్ వైపు తిప్పినప్పుడే రెగ్యులేటర్ వాల్వ్ పిన్నును కిందికి నొక్కుతుంది, అప్పుడే బండ ఒత్తిడి మొత్తం ఆ చిన్న నల్ల రబ్బరు రింగు మీద పడుతుంది. రెగ్యులేటర్ దాటాక ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములే. ఓ-రింగ్ దగ్గర అంతకు వంద రెట్ల పైమాటే. అందుకే రింగు కొంచెం చిట్లినా పెద్ద లీకే. కాబట్టి రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉంచి బండ తల మీద సబ్బు పూయడం సగం పరీక్షే, ఆన్ చేసి పూయాలి. అలాగే రెగ్యులేటర్ పైభాగంలో సన్నటి గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి డయాఫ్రం పొర చిల్లుపడితే గ్యాస్ అందులోంచి వస్తుంది. దాని మీద ఒక్క చుక్క సబ్బునీరు చాలు, రంధ్రం నిండేలా పోయకూడదు. ఇక్కడ రెండు చోట్లా నిమిషం పాటు చూశాం, ఏమీ లేదు.

ముందు ఒత్తిడి, తర్వాత సబ్బు

చాలామంది నేరుగా సబ్బునీళ్లకు వెళ్తారు. చేయి అందే చోటే సబ్బు పూయగలం, కంటికి కనిపించే చోటే బుడగ చూడగలం. అల్మారా వెనక ఉన్న అతుకు, స్టవ్ లోపల ఉన్న కాక్ (నాబ్ తిప్పితే గ్యాస్‌ను వదిలే, ఆపే ముక్క) ఆ పరీక్షకు దొరకవు. అందుకే ముందు లైను మొత్తం ఒత్తిడి నిలబెడుతుందా లేదా చూసి, తర్వాత ఏ భాగం పోగొడుతోందో విడదీసి, ఆఖరున సబ్బు పూయాలి.

దీనికి కావలసింది నీటి గేజు. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పారదర్శక ప్లాస్టిక్ ట్యూబును ‘యు’ ఆకారంలో చెక్క మీద స్కేలు పక్కన బిగించి, రంగు కలిపిన నీళ్లు సగం దాకా పోస్తే చాలు. ట్యూబు లావైతే నీళ్లు కదిలినప్పుడు గ్యాస్ ఆక్రమించే చోటు కూడా మారిపోయి లెక్క తప్పుతుంది, సన్నటిదే మేలు. స్టవ్ నాజిల్ నుంచి ట్యూబు ఊడదీసి మధ్యలో ‘టీ’ అనే మూడు నోళ్ల ఇత్తడి అతుకు ఒకటి పెట్టాం. టీకి ఒక వైపు గేజు, స్టవ్ వైపు చిన్న బాల్ వాల్వ్. వాల్వ్ తెరిస్తే స్టవ్‌తో సహా మొత్తం, మూస్తే లైను మాత్రమే పరీక్షలో ఉంటాయి. లోపల ఇనుప తీగ అల్లిన నారింజ రంగు సురక్షా ట్యూబును పట్టకారుతో నొక్కి గ్యాస్ ఆపాలని చూడకూడదు. తీగ వంగి లోపలి రబ్బరును కోస్తుంది. అప్పటిదాకా లేని లీకు మన చేతులతో పెట్టినట్టవుతుంది. గేజు బిగించాక ముందుగా సబ్బు పూయాల్సింది మన టీ అతుకులకే. పరీక్ష సామానే కారితే ఇల్లంతా వెతికినా దొరకదు.

రెగ్యులేటర్ ఆన్ చేస్తే గేజు 33 సెంటీమీటర్లు చూపింది. చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడి అంటే గేజులో 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. నాబ్‌లన్నీ కట్టి ఉన్నప్పుడు ఒత్తిడి 30 కన్నా కాస్త పైన నిలవడం మామూలే. ఇక్కడ రెగ్యులేటర్ ఆఫ్ చేసి వెంటనే గడియారం చూడటం మొదలుపెడితే తప్పు. బండ వాల్వ్‌కూ, రెగ్యులేటర్ లోపల గ్యాస్‌ను మూసే సీటుకూ మధ్య ఉన్న చిన్న ఖాళీలో బండ ఒత్తిడితోనే కొంత గ్యాస్ చిక్కుకుని ఉంటుంది. లైనులో ఒత్తిడి తగ్గగానే అది మెల్లగా లోపలికి వచ్చి నింపేస్తుంది. ఖాళీ రెండు మిల్లీలీటర్లే అయినా అంత ఒత్తిడిలో ఉన్న గ్యాస్ విప్పుకుంటే పది మిల్లీలీటర్ల దాకా అవుతుంది. చిన్న లీకును ఐదు పది నిమిషాలు కప్పిపుచ్చడానికి అది చాలు. కాబట్టి రెగ్యులేటర్ ఆఫ్ చేశాక ఒక బర్నర్ వెలిగించి, గేజు 25కు దిగేదాకా మండించి, అప్పుడు నాబ్ కట్టాలి. అక్కడి నుంచే కొలత.

రెండో తిరకాసు ఎండ. లైనులో గ్యాస్ ఒక్క డిగ్రీ చల్లబడితే గేజు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు దిగుతుంది. లీకు అక్కర్లేదు. ఈ ఇంట్లో వాష్ ఏరియా పడమటి వైపు. సాయంత్రం ఐదున్నరకు చేసిన మొదటి పరీక్షలో మొత్తం లైను ఐదు నిమిషాల్లో 12 సెంటీమీటర్లు దిగింది. అందులో ఎండ వాలి పైపు చల్లబడటం వల్ల దిగింది ఎంతో, లీకు వల్ల దిగింది ఎంతో చెప్పలేం. ఆ కొలత పక్కన పెట్టేశాం. మర్నాడు పొద్దున ఆరున్నరకు, పొయ్యి వెలిగించకముందు, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే జవాబు.

బాల్ వాల్వ్ తెరిచి, స్టవ్‌తో కలిపి: ఐదు నిమిషాల్లో 25 నుంచి 16కు.

వాల్వ్ మూసి, లైను మాత్రం: ఐదు నిమిషాల్లో 25 నుంచి 22కు.

అంటే కారేది ఒక చోట కాదు, రెండు చోట్ల. పెద్ద లీకు స్టవ్‌లోనే ఉంది.

ఎంత కారుతోంది?

లెక్క కష్టం కాదు. పైపు, ట్యూబులు కలిపి లోపలి చోటు సుమారు 550 మిల్లీలీటర్లు, స్టవ్ లోపలి గొట్టంతో 600. వాతావరణ పీడనం నీటి ఎత్తులో 1033 సెంటీమీటర్లు. 600ను 9తో గుణించి 1033తో భాగిస్తే సుమారు 5.2 మిల్లీలీటర్లు, గేజులో నీళ్లు కదిలినందుకు ఇంకో అర. ఐదు నిమిషాలకు 5.8 అంటే గంటకు 70 మిల్లీలీటర్లు. మాములుగా లైనులో ఉండే 33 సెంటీమీటర్ల ఒత్తిడి దగ్గర ఇది వందకు దగ్గరవుతుంది. అందులో లైను వాటా సుమారు 30, స్టవ్ వాటా 70.

ఈ అంకెలతోనే అంతకుముందు వచ్చిన అనుమానాలన్నీ తీరాయి. గంటకు వంద మిల్లీలీటర్లంటే నెలకు 72 లీటర్ల గ్యాస్, తూకంలో 165 గ్రాములు. 14.2 కేజీల్లో ఆ తేడా బండ ఎన్ని రోజులు వచ్చిందన్న లెక్కలో కనపడదు. తూకం వేసినా ఒక్క రాత్రిలో పోయేది రెండు గ్రాముల లోపే, ఏ తక్కెడా పట్టదు.

మరి చిన్న లీకుకే వాసన ఎందుకు? స్టవ్ దగ్గర కారేది గట్టు మీది నుంచి తెరిచి ఉన్న వంటింట్లోకి పోయి గాలిలో కలిసిపోతోంది. లైనులో కారేది మూసిన అల్మారాలో చేరుతోంది. ఆ అల్మారా 370 లీటర్లు పడుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో 240 మిల్లీలీటర్లు చేరితే 0.065 శాతం. ఎల్పీజీ గాలిలో సుమారు 1.8 శాతానికి చేరితే అంటుకోగలదు. అంటే ప్రమాదపు గీతలో పాతికో వంతు కూడా లేదు. అయినా గ్యాస్‌లో కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్ వాసన ముక్కుకు అంత తక్కువలోనూ అందుతుంది. ఇంట్లో పెట్టే అలారాలు ప్రమాదపు గీతలో పదో వంతు, ఆ పైన మోగేలా తయారవుతాయి, అదీ ఈ అలారం అల్మారా బయట గోడ మీద ఉంది. కాబట్టి అలారం మోగకపోవడమూ నిజమే, కోడలికి వాసన రావడమూ నిజమే. వాసన ఎక్కువున్న చోట లీకు పెద్దదని, అలారం మోగలేదంటే లీకు లేదని అనుకోవడమే ఇక్కడ దారి తప్పించింది.

ఇంత చిన్న లీకును వదిలేయొచ్చా అని అడుగుతారు. వదలకూడదు. అతుకు వదులవ్వడం ఒకసారి మొదలయ్యాక అక్కడితో ఆగదు. లీకు పది రెట్లయితే అదే మూసిన అల్మారాలో ఒక్క రోజులో ప్రమాదపు మోతాదుకు చేరొచ్చు. వంటిల్లు మొత్తం గాలిలో 1.8 శాతం చేరాలంటే దాదాపు 900 గ్రాముల గ్యాస్ కావాలి. కానీ ఎల్పీజీ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేల మీద పరుచుకుంటుంది. నేల నుంచి అడుగు ఎత్తు పొరలో ఆ మోతాదుకు 95 గ్రాములు చాలు. ఫ్రిజ్ కంప్రెసర్ రిలే ఉండేది ఆ ఎత్తులోనే.

అతుకు దగ్గర

అల్మారా సొరుగులు ఊడదీసి వెనక పలక తీస్తే రాగి పైపు మలుపులో ఇత్తడి ఫ్లేర్ నట్టు (గరాటులా విప్పిన పైపు అంచును పట్టి బిగించేది) కనిపించింది. పక్కనే గీత పడ్డ చోటు: కింది సొరుగు వెనక అంచు పూర్తిగా మూసినప్పుడల్లా పైపుకు తగులుతోంది. రోజుకు పది పదిహేనుసార్లు ఆ చిన్న దెబ్బ.

మెత్తటి కుంచెతో, గిలకొట్టని సబ్బునీళ్లు నట్టు చుట్టూ రాశాం. కుంచె తీయగానే కనిపించే నురగ లీకు కాదు, అది మన చేతి నురగ, కాసేపటికి చచ్చిపోతుంది. పది సెకన్ల తర్వాత నట్టు వెనక వైపు గసగసాల గింజంత బుడగ లేచింది. అది పెసరగింజంత అయ్యి పగిలింది. అదే చోట ఇంకొకటి. నిమిషానికి ఏడెనిమిది. గంటకు 30 మిల్లీలీటర్ల లీకు ఇలాగే ఉంటుంది. బుస్సుమని నురగ పొంగుతుందని చూసేవాళ్లు రెండు సెకన్లు చూసి ‘ఏం లేదు’ అని వెళ్లిపోతారు. ఒక్కో అతుకు దగ్గర నిండు నిమిషం, వెనక వైపు కనపడటానికి చిన్న అద్దం పెట్టి చూడాలి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం ఇప్పటికీ కొందరు చేస్తున్నారు. అంతకన్నా ప్రమాదం లేదు. సన్నటి లీకు మంట పగటి వెలుతురులో కనపడదు కూడా.

నట్టు ఇంకో పావు చుట్టు బిగిస్తే బుడగ ఆగుతుంది, కానీ అది మరమ్మతు కాదు. నట్టు విప్పి చూస్తే ఫ్లేర్ అంచు ఒక వైపు సన్నగా అరిగి, వెంట్రుకంత చీలిక పడి ఉంది. చివర రెండు సెంటీమీటర్లు కోసేసి, లోపలి అంచు నున్న చేసి, ఫ్లేరింగ్ టూల్‌తో కొత్తగా అంచు విప్పి బిగించాం. ఫ్లేర్ నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. అక్కడ గ్యాస్‌ను ఆపేది మర కాదు, లోహం మీద లోహం కూర్చోవడమే. టేపు చుడితే నట్టు బిగిసినట్టే అనిపించి అంచు కూర్చోదు. పైపును గోడకు రెండు క్లిప్పులతో పట్టించి, సొరుగు వెనక అంచు నాలుగు సెంటీమీటర్లు వడ్రంగి చేత కోయించారు.

స్టవ్ దగ్గర

స్టవ్ లీకును ట్యూబు చివర్ల మీద సబ్బు పూసి పట్టడం కుదరదు. రెగ్యులేటర్ ఆన్, రెండు నాబ్‌లూ ఆఫ్. బర్నర్ తల, మిక్సింగ్ గొట్టం తీసేసి, గ్యాస్ చిమ్మే సన్న రంధ్రమున్న జెట్ కొన మీద ఒక చుక్క సబ్బునీరు. పెద్ద బర్నర్ జెట్ మీద చుక్క అలాగే నిలిచింది. చిన్న బర్నర్ జెట్ మీద బుడగ ఉబ్బి పగిలి, మళ్లీ ఉబ్బింది. నాబ్ కట్టి ఉన్నా కాక్ గ్యాస్ వదిలేస్తోందన్నమాట.

కాక్ లోపల ఇత్తడి శంకువు ఒకటి ఇత్తడి గూట్లో తిరుగుతుంది, మధ్యలో పలుచటి గ్రీజు పొరే గ్యాస్‌ను ఆపేది. అన్నం పొంగి గంజి నాబ్ కిందికి కారడం, ఆ వేడికి గ్రీజు ఎండిపోవడం, నాబ్ బిగుసుకుపోతే బలంగా తిప్పడం, ఇలా శంకువు మీద గీతలు పడతాయి. బిగుసుకున్న నాబ్‌లో వంటనూనె చుక్కలు వేయడం చాలా ఇళ్లలో ఉంది. నూనె ఉన్న గ్రీజును కరిగించి తానూ జిగురుగా మారుతుంది. రెండు నెలల్లో పరిస్థితి ఇంకా చెడుతుంది. ఇక్కడ శంకువు మీద గోరుకు తగిలేంత గీత ఉంది. గ్రీజుతో సరిపెట్టే దశ దాటింది, కాక్ మొత్తం మార్చాం. గీత లేకపోతే శుభ్రం చేసి, గ్యాస్ కాక్‌ల కోసమే చేసిన గ్రీజు గ్యాస్ రంధ్రాన్ని తాకకుండా పలుచగా రాస్తే సరిపోతుంది. ఇది మెకానిక్ పనే, ఇంట్లో చేసుకునేది కాదు.

మర్నాడు పొద్దున మళ్లీ గేజు. 25 దగ్గర మొదలుపెట్టి పదిహేను నిమిషాలు. స్టవ్‌తో కలిపి చూసినా, లైను ఒక్కటే చూసినా, నీటి గీత రెండు మిల్లీమీటర్లకు మించి కదల్లేదు. గేజు తీసేసి ట్యూబు తిరిగి నాజిల్‌కు ఎక్కించాక ఆ చివర మరోసారి సబ్బు. ఆఖరున విప్పిన అతుకే మళ్లీ కారడం ఎక్కువ.

ఇంకొన్ని సంగతులు

ఇదంతా పలుచటి వాసన ఉన్నప్పటి పని. ఇల్లంతా ఘాటుగా వాసన వస్తుంటే వెతుకులాట వద్దు. నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టేయాలి, తలుపులు, కిటికీలు తీయాలి, ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. లైటు వేయడమే కాదు, ఉన్న లైటు ఆర్పడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం కూడా నిప్పురవ్వే. ఇంటి బయటికి వచ్చాకే ఫోన్ తీసి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు చేయాలి. బండ తల నుంచే బుస్సుమంటుంటే రెగ్యులేటర్ తీసి, దారంతో వేలాడే తెల్లటి సేఫ్టీ క్యాప్ నొక్కి పెట్టాలి. ఆ క్యాప్ పారేయకుండా బండకే ఉంచాలని చెప్పేది ఇందుకే.

బండ అయిపోయే రెండు మూడు రోజుల ముందు వాసన ఎక్కువైందని చాలామంది పిలుస్తారు. అందులో కొన్నిసార్లు లీకు కొత్తది కాదు. మెర్‌కాప్టాన్ 35 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గ్యాస్ అంతకన్నా చాలా ముందే ఆవిరైపోతుంది. అందువల్ల బండ అడుగున మిగిలే ద్రవంలో వాసన మందు చిక్కబడుతుంది. కానీ అప్పుడు వచ్చే వాసన అప్పటిదాకా ముక్కుకు అందని చిన్న లీకును బయటపెట్టిందేమో చూడాలి, కొత్త బండ పెట్టగానే తగ్గిందని వదిలేయకూడదు.

హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో పరీక్ష ఇంకా తేలిక. రాత్రి అన్నీ కట్టేసి మీటరు ఎర్ర అంకెలు రాసుకుని, వాడకుండా పొద్దున చూస్తే చాలు, అంకె కదిలితే మీటరు తర్వాత ఎక్కడో కారుతోంది. అయితే అది మీథేన్, గాలి కన్నా తేలిక. అలారం పైకప్పుకు అడుగు కింద పెట్టాలి. ఎల్పీజీ ఇళ్లలో నేలకు అడుగు ఎత్తులో. ఈ ఇంట్లో అలారం కంటికి ఎదురుగా ఐదడుగుల ఎత్తున ఉంది, పెద్ద లీకు వచ్చినా ఆలస్యంగానే మోగేది. దాన్ని దించి, స్టవ్‌కు రెండు మీటర్ల దూరంలో, సింక్ తడి తగలని గోడకు అడుగు ఎత్తులో బిగించాం. దాని సెన్సర్ వయసు ఐదేళ్లకు దగ్గరవుతోంది కాబట్టి మార్చమని రాసిచ్చాం. అల్మారాలకు కొత్తగా సిలికాన్ సీలెంట్ వేయించుకున్నప్పుడు ఆ వారం రోజులు అలారాన్ని వంటింటి నుంచి తీసి ఉంచాలి, సిలికాన్ ఆవిరి కొన్ని రకాల సెన్సర్లను చంపేస్తుంది, పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

రాగి పైపు మలుపు ఉన్న అల్మారా కింది పలకలోనూ, తలుపు అడుగునా అరచేయంత జాలీలు పెట్టించారు. ట్యూబుల మీద ముద్రించిన సంవత్సరం చూసి, బండ వైపు పొట్టి ట్యూబుకు ఐదేళ్లు నిండాయని దాన్నీ మార్చారు. అత్తగారికి వాసన తెలియదు కాబట్టి రాత్రి రెగ్యులేటర్ కట్టే పని ఆవిడ చేతిలోనే పెట్టారు. పడుకునే ముందు వాష్ ఏరియా తలుపు గడియ పెట్టడం ఎలాగూ ఆవిడ పనే.